ఒకే హార్మోనియం, ఇద్దరు మనుషులు

పద్యనాటకం ఆడే ఊళ్ళో పందిరి అవతల ఒక టీ బడ్డీ ఉంటుంది. అక్కడ నిలబడ్డవాడికి స్టేజీ కనపడదు. మైకులోంచి గొంతులు మాత్రం వినపడతాయి. లోపల హరిశ్చంద్రుడూ నక్షత్రకుడూ పద్యానికి పద్యం విసురుకుంటున్నారు. బయట టీ తాగుతున్న ఆ మనిషి పక్కవాణ్ణి "ఇప్పుడు పాడుతున్నదెవడ్రా?" అని అడిగాడనుకోండి. తప్పెవరిది? మైకు సెట్టువాడిదా?

కాదండీ, మనదే.

విడిగా పాడితే మీ పద్యం బాగుందనే అంటారు. శ్రుతిలోనే ఉంటుంది, రాగమూ పలుకుతుంది. ఎదురుగా ఇంకొకడు నిలబడి పాడేసరికి మాత్రం ఇద్దరూ ఒకే మనిషిలా వినిపిస్తారు. కిరీటం తీసేస్తే రాజెవరో, అప్పులవాడెవరో తెలియదు. ఈ అధ్యాయం ఆ చిక్కు గురించే. సంగీతం కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. వచ్చిన పద్యాన్నే ఇంకోలా పట్టుకోవడం నేర్చుకుంటే చాలు.

ముందు నా సంగతి చెప్పనివ్వండి. ఇరవై మూడేళ్ళప్పుడు ఒక పరిషత్తు పోటీలో నక్షత్రకుడు వేశాను. హరిశ్చంద్రుడు వేసినాయనది నిండైన గొంతు. ఆయనకు తేడాగా ఉండాలని నేను ముక్కుతో, కీచుగా, గొంతు నొక్కిపెట్టి ఎత్తుకున్నాను. మొదటి పద్యానికి చప్పట్లు పడ్డాయి. మూడో పద్యానికి మెడ నరాలు తేలాయి. కాశీ చేరేసరికి నా నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. దిగాక ఒక పెద్దాయన భుజం తట్టి, "నక్షత్రకుడు అప్పు వసూలు చేశాడో లేదో గానీ, గొంతు మాత్రం తాకట్టు పెట్టేశాడు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకోండి, శబ్దం రాలేదు.

నా తప్పు ఏమిటో తెలియడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. తేడా గొంతులో చూపించబోయాను. తేడా ఉండాల్సింది ఊపిరిలో, నోటిలో, పద్యాన్ని ఎత్తుకునే వేళలో. గొంతు ఎవరి వేషం వేసినా మీదే. దాన్ని పిండితే మిగిలేది బొంగురు.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్య హరిశ్చంద్రీయంలోని ఈ జంటనే నమూనాగా పెట్టుకుందాం. నాటకం రాసిన కవి తానే నక్షత్రకుడి వేషం కట్టేవారు. ఆ పాత్రలో ఎంత పని ఉందో దీన్నిబట్టే ఊహించుకోండి. ఒకడు రాజ్యం పోగొట్టుకుని నడుస్తున్నవాడు. ఇంకొకడు విశ్వామిత్రుడి తరఫున వెంటబడి బాకీ అడుగుతున్నవాడు.

1. ముందు రాగం మానేసి మాటగా చెప్పండి

పద్యాన్ని వారం రోజులు పాడకండి. చెప్పండి. నక్షత్రకుడు ఎన్ని సమాసాలు వాడినా అడిగేది ఒకటే: "డబ్బెప్పుడిస్తావ్?" హరిశ్చంద్రుడు ఎన్ని చెప్పినా అనేది ఒకటే: "ఇస్తాను, కాస్త ఆగు." ఈ రెండు వాక్యాలే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పది రకాలుగా అనుకోండి.

మీ వీధిలో వడ్డీకిచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి అడిగే తీరు ఎప్పుడైనా గమనించారా? అరవడు. నవ్వుతూనే ఉంటాడు. మాట చివర మాత్రం కొంచెం ఎగదోస్తాడు. మీరు జవాబు పూర్తి చేయకముందే తర్వాతి ప్రశ్న వేస్తాడు. బాకీ ఉన్నవాడో, మాట ఎత్తుకోవడానికే ఒక క్షణం తీసుకుంటాడు. ఇందులో సంగీతం ఎక్కడుందంటారా? అంతా ఇక్కడే ఉంది. ఆ ఎగదోపు నక్షత్రకుడి పద్యంలో పాదాంతానికి స్వరం అవుతుంది. ఆ క్షణం ఆలస్యం హరిశ్చంద్రుడి ఎత్తుగడ అవుతుంది.

2. ఊపిరి తీసే చోట పెన్సిల్‌తో గీత పెట్టండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం.

మనవాళ్ళు చాలామంది యతిస్థానం రాగానే ఆగి ఊపిరి తీస్తారు. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండో అక్షరం, శార్దూలంలో పదమూడు, మత్తేభంలో పద్నాలుగు. అక్కడికి రాగానే బండి ఆగిపోతుంది. కానీ సంస్కృతంలో యతి అంటే విరామం, తెలుగులో అక్షరమైత్రి. మన యతిస్థానం మాట నడుమ పడొచ్చు, సమాసం నడుమ పడొచ్చు. అక్కడ ఆగారంటే మాట నడుం విరిచినట్టే. పైగా ఇద్దరు నటులూ అక్కడే ఆగితే ఇద్దరి నడకా ఒకటైపోతుంది. టీ బడ్డీవాడికి తేడా తెలియకపోవడానికి సగం కారణం ఇదేనని నా అనుభవం.

అందుకని పద్యాన్ని కాగితం మీద రాసుకోండి. అర్థం ఎక్కడ తెగుతుందో అక్కడ గీత పెట్టండి. ఆ తర్వాత పాత్రనుబట్టి ఆ గీతల్ని మార్చండి.

హరిశ్చంద్రుడికి గీతలు తక్కువ. నడుం రెండువైపులా విచ్చుకునేలా, భుజాలు లేవకుండా నిండుగా ఊపిరి తీసుకోండి. తీసుకున్న వెంటనే పాడకండి. అరక్షణం పట్టుకుని అప్పుడు ఎత్తుకోండి. ఆ అరక్షణంలోనే రాజు కనిపిస్తాడు.

నక్షత్రకుడికి గీతలు ఎక్కువ. ప్రతి రెండు మూడు మాటలకూ చటుక్కున చిన్న ఊపిరి. అది చప్పుడు చేయకూడదు. ఎదుటివాడి చివరి స్వరం ఇంకా మోగుతుండగానే మీ ఊపిరి అయిపోవాలి. ఆ స్వరం ఆగీ ఆగకముందే మీ మొదటి అక్షరం పడాలి. తొందర మీ పాటలో ఉండనక్కర్లేదు. ఎత్తుకోవడంలో ఉంటే చాలు.

ఇక్కడొక హెచ్చరిక. ఘ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు వచ్చినప్పుడల్లా గాలి ధారపోయకండి. పౌరాణిక పద్యంలో అవి గంపెడు ఉంటాయి. ఒక్కో ఒత్తుకు దోసెడు గాలి వదిలితే రెండో పాదానికే డబ్బా ఖాళీ. అరచేయి నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టుకుని పాడి చూడండి. వెచ్చదనం తగలాలి, తుంపర తగలకూడదు.

3. నోటిలో గది మార్చండి

గొంతు మార్చొద్దంటూ, మరి రంగు ఎలా మారుతుందంటారా? నోటి లోపలి జాగాతో.

ఆవులింత మొదలయ్యే క్షణం గుర్తు తెచ్చుకోండి. కొండనాలుక పైకి లేచి, వెనక జాగా పెరుగుతుంది. ఆ జాగా ఉంచుకుని, పూర్తిగా ఆవులించకుండా, "ఆ" అనండి. స్వరం గుండ్రంగా, నిండుగా వస్తుంది. హరిశ్చంద్రుడు ఉండాల్సిన గది అది.

ఇప్పుడు చిన్నపిల్లల్ని ఏడిపించడానికి "న్యా న్యా న్యా" అంటాం చూశారూ, అలా అనండి. స్వరం ముందుకొచ్చి పళ్ళ వెనకాల గణగణమంటుంది. నక్షత్రకుడి గది ఇది. ముక్కుతో పాడటం వేరు, ఇది వేరు. తెలియాలంటే పాడుతూ ముక్కు మూసుకోండి. ముక్కుపలుకులు కాని అక్షరాల దగ్గర స్వరం మారకపోతే మీరు సరైన దారిలో ఉన్నారు. మూసుకుపోయినట్టు వినిపించిందా? నేను ఇరవై మూడేళ్ళప్పుడు పడిన గోతిలోనే మీరూ ఉన్నారు.

ఈ గణగణకు ఇంకో లాభం ఉంది. తక్కువ గాలితో ఎక్కువ దూరం వెళుతుంది. కాబట్టి నక్షత్రకుడు మైకుకు ఒక అడుగు వెనక నిలబడినా ఫరవాలేదు. నిండు స్వరం హరిశ్చంద్రుడిది. ఆయనే మైకుకు దగ్గరగా ఉండాలి. చాలా ట్రూపుల్లో దీన్ని తలకిందులుగా చేస్తారు.

4. శ్రుతి ఒకటే, వాటాలు వేరు

"మాస్టారూ, నాది రెండు శ్రుతి, వాడిది నాలుగు. హార్మోనిస్టు ఎవరి మాట వినాలి?" ఈ తగువు రాని రిహార్సల్ నేను చూడలేదు.

ఇద్దరూ మగవాళ్ళయితే ఆధార షడ్జమం ఒకటే పెట్టుకోండి. తిరిగే చోటు పంచుకోండి. హరిశ్చంద్రుడు మధ్యస్థాయి షడ్జమం నుంచి పంచమం దాకా ఇల్లు కట్టుకుంటాడు. అవసరమైతే మంద్రంలోకి దిగుతాడు. నక్షత్రకుడు పంచమం మీద కూర్చుని తారషడ్జమం దాకా తిరుగుతాడు. హరిశ్చంద్రుడు తారస్థాయికి వెళ్ళకూడదా? వెళ్ళొచ్చు, సీను మొత్తానికి ఒక్కసారి. భార్యాబిడ్డల్ని అమ్మాల్సి వచ్చే చోట దాన్ని దాచుకోండి. ముందే ఖర్చు పెట్టేస్తే అక్కడ చేతిలో ఏమీ ఉండదు.

ఆడ, మగ పాత్రలయితే లెక్క వేరు. మామూలు మాటల్లో మగవాళ్ళ స్వరతంత్రులు సెకనుకు సుమారు 120 సార్లు, ఆడవాళ్ళవి సుమారు 200 సార్లు కంపిస్తాయి. అందుకే కాటిసీనులో చంద్రమతిని భర్త శ్రుతిలో పాడమంటే పాపం ఆమె కింద తవ్వుకోవాలి, లేదా పైన అరవాలి. దీనికి మంచి ఉపాయం మధ్యమ శ్రుతి. హరిశ్చంద్రుడిది ఒకటి శ్రుతి అనుకోండి. ఆయన మధ్యమం సరిగ్గా నాలుగు శ్రుతి మెట్టు మీద పడుతుంది. ఆయన తన పద్యాన్ని మధ్యమం మీద నిలిపి వదిలితే, అదే స్వరం చంద్రమతికి షడ్జమం అవుతుంది. ఆమె వెతుక్కోకుండా అక్కడి నుంచే ఎత్తుకుంటుంది. హార్మోనిస్టు వేలు కూడా కదపనక్కర్లేదు.

నేను మొదటిసారి ఇది విన్నప్పుడు హార్మోనియం పక్కనే ఉన్నాను. ఆయన వదిలిన స్వరం మీదే ఆమె "ఆ" అంది. ఒక గొంతు ఇంకో గొంతులోకి జారిన చోటు నాకు దొరకలేదు. ఎదురుగా ఉన్నది తన భర్తేనని ఆమెకు ఇంకా తెలియదు, శ్రుతికి మాత్రం ముందే తెలిసిపోయింది. కాటిసీనులో మనవాళ్ళు జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కూడా కలిపి పాడతారు కదా. అవి అయ్యేసరికి హరిశ్చంద్రుడి గొంతు బరువెక్కి ఉంటుంది. ఆ బరువును కిందికి వదిలేయకుండా మధ్యమం దాకా ఎత్తి ఆమె చేతికివ్వడం చిన్న పని కాదు. పదిసార్లు చేస్తేగాని కుదరదు, కుదురుతుంది.

5. రాగం తీసే హక్కు ఎవరిది?

ఇక్కడ కొందరికి కోపం రావొచ్చు. రానివ్వండి.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో 1880లలో తెలుగు నాటకంలో పాటకూ పద్యానికీ పీట వేశారు. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ ఆ రాగాల సాగతీతకే ఎదురు తిరిగారు. మేనమామ, మేనల్లుడి తగువు ఇప్పటికీ మన స్టేజీ మీద నడుస్తూనే ఉంది. నేను ఇద్దరి పక్షమూ కాదు. రాగం తీయండి, కానీ పాత్రకు తీరిక ఉందా అని ముందు అడగండి.

నక్షత్రకుడికి తీరిక ఎక్కడిది? వసూలుకు వచ్చినవాడు పాదాంతంలో నిమిషంసేపు అకారం సాగదీస్తే, అప్పు మాఫీ చేసి కచేరీకి కూర్చున్నట్టుంటుంది. ఆయన చివరి అక్షరాన్ని తుంచి వదిలేయాలి. హరిశ్చంద్రుడికి రాగం తగును, అదీ తనలో తాను మాట్లాడుకునే పద్యంలో. నక్షత్రకుడికి జవాబిచ్చే పద్యంలో తగదు.

మరి పందెం రాగాలు? ఒకడు రెండు ఆవర్తాల సంగతి వేస్తే ఇంకొకడు నాలుగు వేయడం, జనం ఈలలు, "వన్స్ మోర్"... చూడ్డానికి సరదాగానే ఉంటుంది. ఆ సరదాలో కథ పందిరి దాటి వెళ్ళిపోతుంది. వన్స్ మోర్ పడితే మాత్రం ఏం చేయాలి? మళ్ళీ పాడండి, రాగం సగానికి తగ్గించి. జనానికి దక్కాల్సింది దక్కుతుంది, ఎదుటి నటుడి వేడి చల్లారదు.

6. ఇద్దరూ గొప్పవాళ్ళే అయితే?

రాజూ అప్పులవాడూ అంటే తేడా సులువు. చిలకమర్తి వారి గయోపాఖ్యానంలో కృష్ణుడూ అర్జునుడూ ఎదురైతే? ఇద్దరూ వీరులు, ఇద్దరూ బావామరుదులు, ఇద్దరికీ కోపమే. ఒకడు గయుణ్ణి చంపుతానన్నాడు, ఒకడు కాపాడతానన్నాడు. "న్యా న్యా" గది ఇక్కడ ఎవరికీ పనికిరాదు.

ఇక్కడ తేడా పట్టులో ఉంటుంది. కృష్ణుడికి జరగబోయేది తెలుసు. అందుకే ఆయన కోపంలోనూ స్వరం సాఫీగా, ఒకదాన్నుంచి ఒకటి జారుతూ వెళ్ళాలి. అర్జునుడికి తెలియదు. మాటిచ్చి ఇరుక్కున్నాడు. ఆయన స్వరాలు విడివిడిగా, అక్షరం అక్షరానికీ కొట్టినట్టు పడాలి. అదే మోహన రాగం ఇద్దరూ పాడినా, ఒకరిది నీళ్ళు పారినట్టు, ఒకరిది మెట్లు ఎక్కినట్టు.

ఒకే గొంతుతో ఇది సాధ్యమా అని అనుమానం ఉంటే 1963 నాటి శ్రీకృష్ణార్జున యుద్ధము సినిమా పెట్టుకుని కళ్ళు మూసుకుని వినండి. కృష్ణుడు రామారావు, అర్జునుడు నాగేశ్వరరావు. పద్యాలు పాడిన గొంతు మాత్రం ఇద్దరికీ ఘంటసాలదే. ఆయన ఎవరి కోసం ఎక్కడ ఆగారో, ఏ అక్షరాన్ని నొక్కారో కాగితం మీద రాసుకోండి. అనుకరించమని కాదు, గీతలు ఎలా మారాయో చూడమని.

మన కాంట్రాక్టు నాటకాల్లో దీనికి తిరగబడ్డ చిక్కు ఒకటుంది. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వస్తారు. అక్కడ మూడు గొంతులు ఒకే మనిషిలా వినిపించాలి. ఏ సీనుకు ఏ కృష్ణుడైనా, ఎత్తుకునే నిదానం ఒకేలా ఉంచుకుంటే చాలావరకు గట్టెక్కుతారు.

7. ఎదుటివాడు పాడుతున్నప్పుడు మీరేం చేస్తున్నారు?

తర్వాతి పద్యం మనసులో నెమరేసుకుంటున్నారు కదూ? గొంతు సవరించుకుంటున్నారు కదూ? రెండూ మానేయండి. "ఖ్హ్" మని సవరించుకున్న ప్రతిసారీ స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. ఒక గుటక మింగండి, పోతుంది. ఎదుటివాడి పద్యం నిజంగా వినండి. ఆయన ఇవాళ నిన్నటికంటే నెమ్మదిగా పాడితే మీరు కొంచెం ఎక్కువ ఎగదోయాలి. ఆయన అరిస్తే మీరు తగ్గాలి. రెండు గొంతులూ పెరుగుతూ పోతే తేడా మిగలదు, రొద మిగులుతుంది.

రోజూ చేయాల్సింది

ఎక్కువేం లేదు, ఇరవై నిమిషాలు. మొదట ఐదు నిమిషాలు పెదాలు వదులుగా పెట్టి, పిల్లలు బస్సు నడిపినట్టు "బుర్ర్" అంటూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. తర్వాత మాయామాళవగౌళలో మొదటి సరళీ వరస, ఆవులింత గదిలో ఒకసారి, "న్యా" గదిలో ఒకసారి. రెండిటి మధ్యా ఆగకుండా మారడం అలవాటు చేసుకోండి. చివరి పది నిమిషాలు మీ సీన్లో రెండు పద్యాలు. మీదొకటి, ఎదుటివాడిదొకటి, రెండూ మీరే పాడి ఫోన్లో రికార్డు చేయండి. దాన్ని వంటింట్లో ఉన్నవాళ్ళకు వినిపించి, ఏ పద్యం ఎవరిదో చెప్పమనండి. పద్యం అర్థం కాకపోయినా ఫరవాలేదు. మనిషి మారినట్టు తెలిస్తే చాలు.

పాడాక గొంతు నొప్పిగా ఉందంటే ఆ రోజుకు ఆపేయండి. గుసగుసలాడినా గొంతుకు విశ్రాంతి కాదు. అసలు మాట్లాడకపోవడమే విశ్రాంతి. బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే మిరియాల పాలతో సరిపెట్టుకోకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

రేపటి రిహార్సల్లో ఒక పని చేయండి. మీ హరిశ్చంద్రుణ్ణి నక్షత్రకుడి పద్యం పాడమని, ఆయనది మీరు ఎత్తుకోండి. ఒక్క పూట చాలు. మీ ఇద్దరూ గదులు మారుతుంటే అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పడేది హార్మోనిస్టు. ఆయనకు టీ మాత్రం మీరే ఇప్పించండి.